మిద్దె మీద బొమ్మ పడాలంటే



ఏప్రిల్ వచ్చిందంటే కర్నూల్లోనూ కడపలోనూ రాత్రి కాపురం మిద్దె మీదికి మారుతుంది. పగలంతా కాగిన మిద్దె మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లి, ఆవిరి పోయేదాకా ఆగి చాపలు పరుస్తారు. పక్కన చెంబుతో నీళ్లు, పళ్లెంలో బొరుగులు, వేయించిన చెనిక్కాయలు. ఈ సరంజామాలోకి ఈ మధ్య కొత్తది ఒకటి చేరింది. టెంకాయంత ఉండే చిన్న ప్రొజెక్టర్. మెట్లగది గోడ తెల్లగా ఉంటే సరే, లేకపోతే దండెం మీద ఓ తెల్ల దుప్పటి కడతారు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు పక్కింటి పిల్లలు పిట్టగోడ దూకి మరీ వస్తారు.

అందరూ కూర్చున్నాక అసలు సంగతి బయటపడుతుంది. సెట్‌టాప్ బాక్సు కింద హాల్లో ఉంది. ప్రొజెక్టర్ పెట్టెలో ఇచ్చిన వైరేమో రెండు మూరలు. పోనీ ల్యాప్‌టాప్ తెద్దామంటే దాని పక్కనున్న బొక్క వేరు, వైరు చివరున్న పిన్ను వేరు. ఫోను చార్జింగు వైరు గుచ్చి చూస్తారు, అదీ పలకదు. గోడ మీద నీలం వెలుగు, మధ్యలో ‘నో సిగ్నల్’ అని రెండు మాటలు. “ఏమిరా, బొమ్మ ఎప్పుడు పడేది?” అని చాప మీద నుంచి అవ్వ అడుగుతుంది. “ఉండవ్వా, వైరు కుదరడంల్యా” అంటాడు మనవడు. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. వేలు పోసి యంత్రం కొని, వందల్లో దొరికే వైరు దగ్గర బోర్లా పడటం చాలా ఇళ్లలో జరిగేదే.

బొమ్మ చూపే పెట్టె అంటే ఒక పాత సినిమా గుర్తొస్తుంది. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డిదీ రాయలసీమే, తాడిపత్రి. ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే చాలు, చూసేవాళ్లకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపించాడు. ఆ పెట్టెకు వైరు లేదు, పిన్ను లేదు, కన్వర్టర్ లేదు. ద్వాపరయుగం వాళ్లు అదృష్టవంతులు. ఈ కాలంలో అభిమన్యుడు గోడ మీద కనిపించాలంటే 19 పిన్నులున్న ప్లగ్గు ఒకటి సరిగ్గా కూర్చోవాలి.

ఆ ప్లగ్గు పేరు హెచ్‌డీఎంఐ. హిటాచి, పానసోనిక్, ఫిలిప్స్, సోనీ, తోషిబా లాంటి కంపెనీలు కూడబలుక్కుని 2002 డిసెంబరులో దాని మొదటి ప్రమాణాన్ని బయటపెట్టాయి. చేతిలోకి తీసుకుని చూస్తే పైన వెడల్పుగా, కింద రెండు మూలలూ కత్తిరించినట్టు ఉంటుంది. అందుకే తలకిందులుగా దూరదు. లోపల సన్నని రేకులు, పైన పది, కింద తొమ్మిది. బొమ్మా శబ్దమూ రెండూ దీనిలోనే పోతాయి. మొదటి 12 పిన్నులు బొమ్మను మోసేవి. మిగిలిన వాటిలో మూడు నాలుగింటి పని తెలిస్తే చాలు, సగం తలనొప్పి తగ్గుతుంది. 19వది, అవతల ఎవరో వచ్చారని కబురు పెడుతుంది. 15, 16 పిన్నుల మీద రెండు యంత్రాలూ మాట్లాడుకుంటాయి. “నువ్వు ఎంత బొమ్మ చూపగలవు?” అని ల్యాప్‌టాప్ అడుగుతుంది, “నాకింతే వచ్చు” అని ప్రొజెక్టర్ తన చిట్టా చదువుతుంది. ఆ మాటామంతీ కుదరకపోతే బొమ్మ రాదు. వైరు మంచిదే అయినా ఒక్కోసారి ప్రొజెక్టర్‌ను ఆపి మళ్లీ వేస్తే బొమ్మ పడటానికి కారణం ఇదే. మొదటి నుంచి పలకరించుకుంటాయి కాబట్టి. 18వ పిన్ను మీద 5 వోల్టుల కరెంటు కొద్దిగా నడుస్తుంది. దాని సంగతి తర్వాత.

హెచ్‌డీఎంఐకి ముందు రాజ్యమేలింది వీజీఏ. ఐబీఎం 1987లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. నీలం రంగు ప్లగ్గు, మూడు వరసల్లో 15 పిన్నులు, రెండు పక్కలా బిగించే మరలు. దీనిలో శబ్దం రాదు, బొమ్మ ఒక్కటే. ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో వంటి కంపెనీలు 2010 డిసెంబరులోనే కూడి, 2015 నాటికి దీన్ని వదిలేస్తామని చెప్పాయి. చెప్పినట్టే కొత్త ల్యాప్‌టాప్‌ల్లో అది పోయింది. కానీ కోచింగ్ సెంటర్లు, కాలేజీలు తీసేసిన పాత ప్రొజెక్టర్లు సెకండ్ హ్యాండులో ఇళ్లకు చేరుతున్నాయి, వాటి వీపు మీద ఇంకా ఆ నీలం బొక్కే ఉంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌కు పాత ప్రొజెక్టర్, పాత సెట్‌టాప్ బాక్సుకు కొత్త ప్రొజెక్టర్. మన ఇళ్లలో పెళ్లిళ్లు ఇట్లాంటివే ఎక్కువ. మధ్యలో పేరయ్యలాగా అడాప్టర్ కావాలి.

ఇక్కడ ఒక కాలువ గట్టు ఎక్కాలి. కర్నూలునూ కడపనూ కలిపే పాత లైను ఒకటి ఈ నేల మీదే ఉంది, కేసీ కాలువ. పేరులోనే రెండు ఊళ్లూ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో సర్కారు కొనేసుకుంది. కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, 300 కిలోమీటర్లకు పైగా పారి కడప చేరుతుంది. వీడియో వైరు గురించి తెలియాల్సిన రెండు పెద్ద సంగతులూ ఆ గట్టు మీద నిలబడితే అర్థమవుతాయి. ఒకటి, నీళ్లు సుంకేసుల నుంచి కడపకు దిగుతాయి గానీ కడప నుంచి సుంకేసులకు ఎక్కవు. రెండు, తలకాడ నిండుగా ఉన్న నీరు చివరి ఆయకట్టుకు అంతే నిండుగా చేరదు.

మొదటిది అడాప్టర్ సంగతి. దుకాణంలో “అన్నా, హెచ్‌డీఎంఐ, వీజీఏ కలిపేది ఇయ్యి” అంటే సరిపోదు. “యాడ్నుంచి యాడికి?” అని దుకాణం అతను ఎదురు అడిగాడంటే అతనికి పని తెలుసని లెక్క. హెచ్‌డీఎంఐలో పోయేది అంకెలు, వీజీఏలో పోయేది అలలు. అంకెలను అలలుగా మార్చాలంటే లోపల ఒక చిప్పు పని చేయాలి. ఆ చిప్పు ఒక దిక్కుకే పని చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టర్‌కు వీజీఏ అయితే కావాల్సింది ‘హెచ్‌డీఎంఐ టు వీజీఏ’. అదే ముక్కను తిప్పి పెట్టి, పాత కంప్యూటర్ వీజీఏ నుంచి కొత్త ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐకి పంపుదామంటే కాలువ ఎదురెక్కదు. దానికి వేరే కన్వర్టర్ కొనాలి. ఏ చిప్పూ లేకుండా ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర వీజీఏ ప్లగ్గు తగిలించి అమ్మే ఉత్త వైర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటితో బట్టలారేసుకోవచ్చు.

ఇంతకన్నా మోసపోయే చోటు ఇంకొకటుంది. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు గుండ్రని పిన్నులు అందరికీ తెలుసు, ఏవీ వైరు అంటారు. పసుపు బొమ్మకు, మిగతా రెండూ శబ్దానికి. పాత ఎస్‌డీ సెట్‌టాప్ బాక్సుకు ఇదే ఉంటుంది. దీన్ని హెచ్‌డీఎంఐగా మార్చే కన్వర్టర్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేదీ అదే సైజు, అదే ఆకారం, చాలాసార్లు అదే రంగు. తేడా అల్లా పైన అచ్చేసిన ఒక్క వరసే. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అనుందా, ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అనుందా అన్నది దుకాణంలోనే చదువుకోవాలి. ఒకవైపు ‘ఇన్‌పుట్’, ఇంకోవైపు ‘అవుట్‌పుట్’ అని ఉంటుంది. ఇన్‌పుట్ వైపు సెట్‌టాప్ బాక్సు, అవుట్‌పుట్ వైపు ప్రొజెక్టర్. ఇంకో మాట. ఎస్‌డీ డబ్బాలో ఉన్నది 576 గీతల బొమ్మ. కన్వర్టర్ దాన్ని పెద్దది చేసి చూపుతుంది, హెచ్‌డీ చేయదు. పలచటి మజ్జిగను పెద్ద గ్లాసులో పోస్తే పెరుగు కాదు.

ఇందాక వాయిదా వేసిన 18వ పిన్ను ఇప్పుడు అవసరమైంది. హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్‌లోని చిప్పుకు కరెంటు కావాలి, అది ఆ పిన్ను మీద వచ్చే 5 వోల్టుల నుంచే తీసుకుంటుంది. ప్రమాణం ప్రకారం అక్కడ గ్యారంటీగా దొరికేది 55 మిల్లీ ఆంపియర్లే. కొన్ని కన్వర్టర్లకు అది చాలదు. పది నిమిషాలు బొమ్మ బాగా వచ్చి, ఆ తర్వాత మినుకుమినుకుమని ఆరిపోతుంటే కారణం అదే కావచ్చు. పక్కన చిన్న యూఎస్‌బీ బొక్క ఉన్న కన్వర్టర్ కొంటే, ఫోన్ చార్జర్‌తో విడిగా కరెంటు ఇవ్వొచ్చు. నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మేలు.

డీవీఐ అని ఇంకొకటి ఉంది, 1999 నాటిది, తెల్లగా వెడల్పుగా ఉంటుంది. హెచ్‌డీఎంఐకి అన్న లాంటిది, ఇద్దరి రక్తం ఒకటే. అందుకే వాటి మధ్య చిప్పులేని ఉత్త అడాప్టర్ సరిపోతుంది. శబ్దం మాత్రం వేరుగా చూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ల మీద ఉండే డిస్‌ప్లేపోర్టు మూల ఒకటి కోసిన దీర్ఘచతురస్రంలా ఉంటుంది. దాన్నుంచి ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐకి చవక అడాప్టర్ పని చేస్తుంది, ఇక్కడ కూడా ఒక దిక్కుకే.

ఇప్పుడు కాలువ చెప్పే రెండో సంగతి, పొడవు. వీజీఏ వైరు పొడవెక్కేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, అక్షరాల పక్కన నీడలు కనిపిస్తాయి. చివరి ఆయకట్టుకు నీళ్లు సన్నగా వచ్చినట్టే. హెచ్‌డీఎంఐ అట్లా చెప్పి చావదు. చేరినంతసేపు బొమ్మ నిండుగా ఉంటుంది. హద్దు దగ్గర పడితే నక్షత్రాల్లా తెల్ల చుక్కలు మెరుస్తాయి, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. హద్దు దాటితే ఏమీ ఉండదు. తెల్ల చుక్కలు కనిపించాయంటే ప్రొజెక్టర్ చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు, ముందు పొట్టి వైరు పెట్టి చూడాలి.

ఎంత పొడవు దాకా ఫరవాలేదన్నది ఎంత బొమ్మ పంపుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేల 600. సెకనుకు 60 సార్లు పంపాలంటే వైరు మీద దాదాపు 4.5 గిగాబిట్లు పారాలి. 4కే బొమ్మకు దానికి నాలుగింతలు, 18 గిగాబిట్ల దగ్గర. మామూలు రాగి వైరు ఫుల్ హెచ్‌డీని 10 మీటర్ల దాకా సాధారణంగా మోస్తుంది. 4కే అయితే 5 మీటర్లు దాటగానే అనుమానం మొదలవుతుంది. వైరు మీద ఏడబ్ల్యూజీ అని ఒక అంకె ఉంటుంది. అది చిన్నదయ్యేకొద్దీ లోపలి తీగ లావు. పొడుగు వైరుకు 30 కన్నా 24 మేలు.

పెట్టె మీద రాతలు చూసి చాలామంది ఎక్కువ డబ్బు పెడతారు. ‘హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్’, ‘2.1 కేబుల్’ అని అచ్చేస్తారు. ఆ అంకెలు యంత్రాలకు గానీ వైర్లకు కావు. హెచ్‌డీఎంఐ నిబంధనల ప్రకారం వైరు మీద వెర్షన్ అంకె వేయనే కూడదు. వైర్లకు తరగతులుంటాయి. 10.2 గిగాబిట్లు మోసేది హై స్పీడ్, 18 మోసేది ప్రీమియం హై స్పీడ్, 48 మోసేది అల్ట్రా హై స్పీడ్. చివరి రెండు రకాల పెట్టె మీద స్కాన్ చేసుకునే లేబుల్ ఉంటుంది, ఫోన్‌తో అసలో నకిలీయో అక్కడే చూసుకోవచ్చు. ఇక ఇంట్లో ఉన్న ప్రొజెక్టర్ ఏపాటిదో కూడా చూడాలి. ‘4కే సపోర్ట్’ అని పెద్ద అక్షరాలతో రాసిన చిన్న ప్రొజెక్టర్ల అసలు రిజల్యూషన్ ఒక్కోసారి 1280, 720. అంటే 9 లక్షల చిల్లర చుక్కలు. 4కే బొమ్మను తీసుకుంటుంది, కుదించి చూపుతుంది. అట్లాంటి దానికి అల్ట్రా హై స్పీడ్ వైరు కొనడం, ఎడ్లబండికి విమానం పెట్రోలు పోయడమే. బంగారుపూత పిన్ను తుప్పు పట్టదు, అంతవరకు నిజం. దానివల్ల రంగులు మెరుగుపడవు.

కింద హాల్లోని డబ్బా నుంచి మిద్దె మీదికి మెట్లు చుట్టి వస్తే 20 మీటర్లు అవుతుంది. ఈ దూరానికి రెండు దార్లున్నాయి. ఒకటి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ, లోపల గాజు పోగుల మీద వెలుగు పరిగెడుతుంది. దీనికీ తల, తోక ఉంటాయి. ‘సోర్స్’ అని రాసిన చివర డబ్బాకు, ‘డిస్‌ప్లే’ అని రాసిన చివర ప్రొజెక్టర్‌కు. తిప్పి పెట్టి, మిద్దె దాకా లాగి, రాలేదని వాపసు ఇచ్చేవాళ్లు ఉంటారు. తలుపు సందులో నలిగితే, ముడి పడితే పోగు విరుగుతుంది. అన్నం పళ్లెం అంత చుట్టగా చుట్టి పెట్టాలి. రెండోది ఇంటర్నెట్‌కు వాడే క్యాట్-6 వైరుతో రెండు చివర్లా ఎక్స్‌టెండర్ డబ్బాలు. హెచ్‌డీబేస్‌టీ రకమైతే 100 మీటర్ల దాకా పోతుంది. క్యాట్-6 కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకి చూడాలి. ఎర్రగా ఉంటే రాగి. లోపల తెల్లగా కనిపిస్తే రాగిపూత పూసిన అల్యూమినియం, వద్దనాలి.

ఈ ఖర్చేదీ లేని మూడో దారి ఉంది. చాలా ఇళ్లకు అదే చాలు. బొమ్మ వైరును పొడిగించడం మానేసి, బొమ్మ పుట్టే చోటునే ప్రొజెక్టర్ పక్కకు తెచ్చుకోవడం. ల్యాప్‌టాపో టీవీ స్టిక్కో ప్రొజెక్టర్ పక్కనే ఉంటే మీటరున్నర వైరు సరిపోతుంది. పొడుగు వైరు శబ్దానికి వాడాలి. ప్రొజెక్టర్ నుంచి తెర దగ్గర పెట్టిన స్పీకర్‌కు 3.5 మిల్లీమీటర్ల ఆడియో వైరు 10 మీటర్లు లాగినా ఇబ్బంది ఉండదు, ఖరీదూ తక్కువ. బ్లూటూత్ స్పీకర్ అయితే ఒక్కోసారి పెదవి ముందు, మాట వెనుక అవుతుంది. టీవీ స్టిక్కుకు ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే చాలక మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. దాని చార్జర్ దానికే పెట్టాలి.

ఫోన్ సంగతి వేరు. 2014లో వచ్చిన టైప్-సీ బొక్క అన్ని ఫోన్లకూ ఒకేలా ఉంటుంది గానీ అన్నిటి గుణమూ ఒకటి కాదు. బొమ్మ బయటికి పంపే ఏర్పాటును డిస్‌ప్లేపోర్టు ఆల్ట్ మోడ్ అంటారు. ఖరీదైన ఫోన్లలో ఎక్కువగా ఉంటుంది, చవక ఫోన్లలో చాలావరకు ఉండదు. ఐఫోన్లలో 15 నుంచి టైప్-సీ వచ్చింది, వాటిలో ఉంది. ఆ గుణం లేని ఫోనుకు ఎంత మంచి టైప్-సీ టు హెచ్‌డీఎంఐ అడాప్టర్ తెచ్చినా బొమ్మ రాదు. కొనేముందు ఫోన్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్టు’ అన్న మాట వెతకాలి. లేకపోతే వైఫై మీద స్క్రీన్ మిర్రరింగే దిక్కు.

అన్నీ సరిగ్గా ఉండి, ఫోటోలు వస్తూ, ఓటీటీ సినిమా మాత్రం నల్లగా, మాటలే వినిపిస్తుంటే అది వైరు తప్పు కాదు. హెచ్‌డీసీపీ అనే తాళం. దొంగకాపీలు తీయకుండా బొమ్మ పుట్టిన చోటు నుంచి తెర దాకా ప్రతి యంత్రమూ తాళంచెవి చూపించాలి. చాలా వీజీఏ కన్వర్టర్ల దగ్గర ఆ చెవి ఉండదు. పాత ప్రొజెక్టర్‌తో ఓటీటీ చూడాలనుకునేవాళ్లు ఈ మాట తెలుసుకునే కన్వర్టర్ కొనాలి.

చివరగా, కరువు సీమకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. ప్లగ్గు పెట్టేటప్పుడు వేళ్లకు చిమచిమమంటే అది ఎర్తింగు సరిగా లేని గుర్తు కావచ్చు. ఇళ్లకు ఎర్త్ గుంత తవ్వి ఉప్పు, బొగ్గు వేసి పూడుస్తారు. నేల తడిగా ఉన్నంతకాలమే అది బాగా పని చేస్తుంది. మే నెలలో సీమ నేల గట్టిగా ఎండి నెర్రెలిచ్చినప్పుడు పేరుకే ఎర్తింగు. కింద హాల్లోని డబ్బా ఒక లైను మీద, మిద్దె మీది ప్రొజెక్టర్ ఇంకో లైను మీద ఉంటే, ఆ రెంటి మధ్య తేడా కరెంటు సన్నటి హెచ్‌డీఎంఐ వైరు గుండా దారి వెతుక్కుంటుంది. పోర్టు కాలిపోవచ్చు. కాబట్టి రెండు యంత్రాలకూ ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి, వైరు తగిలించాకే స్విచ్ వేయాలి. మిద్దె మీదికి ప్రొజెక్టర్ ఎక్కించే సాయంత్రం, చాపల కోసం చల్లే నీళ్లలోంచి రెండు బిందెలు ముందు ఎర్త్ గుంతలో పోయండి.